అజూర్ సాహెబ్ కోసం వెతకకండి

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు రాసిన పదకొండు పేజీల ఉత్తరం ఇది. పేరు, ఇంటి ఆనవాళ్లు వద్దన్నారు కాబట్టి అవి తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 40 ఏళ్లు. ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠాలు చెబుతారు. ఆమె తల్లి తరఫు తాతగారు వరంగల్‌లో అద్దాల మీద బొమ్మలు తీసేవారు. తలుపుల మీద మసక నెమళ్లు, పూలకుండీలు, గుమ్మాలపైన కమానుల్లో రంగుటద్దాలు, నగల దుకాణాల్లో లక్ష్మీదేవి, హోటళ్ల అద్దాల మీద బంగారు రేకు అక్షరాలు ఆయన పనులు. 1924లో పుట్టి 1991లో కాలం చేశారు. ఆయన మీద ఒక పుస్తకం తేవాలని మనుమరాలి కోరిక. మూడేళ్లుగా తిరుగుతుంటే చేతికి చిక్కినవి ఒక చిన్న లెక్కల పుస్తకం, ఒక పనిముట్ల సంచి, ఆ సంచిలో అడుగున కొంచెం ద్రవం మిగిలిన నల్ల ప్లాస్టిక్ సీసా.

డ్రాయింగులన్నీ కరీంనగర్‌లో పెద్ద మేనమామ ఇంట్లో ఒక ఇనుప పెట్టెలో ఉన్నాయట. దసరాకు వెళ్లి అడిగితే కడుపునిండా భోజనం పెట్టారు కానీ పెట్టె చూపించలేదు. “ఆడపిల్ల తరఫు వాళ్లకు వాటితో పనేమిటి?” అన్నారు. తాతగారు వీలునామా ఏదీ రాయలేదు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. అమ్మమ్మ కూడా పోయారు. తల్లి మాత్రం “అన్నయ్యతో గొడవ పెట్టకు” అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు.

గిర్మాజీపేటలో ఒక పాత ఇంటికి తాతగారు చేసిన అద్దాల తలుపు రెక్కలు ఎనిమిది ఉన్నాయి. మాఘమాసంలో ఆ ఇల్లు పడగొడుతున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారి ఒకరు ఇప్పటికే బయానా ఇచ్చారు. తాతగారి దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు ఒకాయన జనగామలో ఉన్నారు, 82 ఏళ్లు. ఆయనకూ మేనమామకూ పాత కూలి బాకీ విషయంలో మాటల్లేవు. అక్కడికి వెళితే మామయ్యకు కోపం వస్తుందని ఈమె ఇంతవరకు వెళ్లలేదు.

లెక్కల పుస్తకంలో తెలుగులో ఒక వరుస ఉంది: “అజూర్ 1357, పలకలు 14, హాలి 42”. కింద రెండు వరుసలు ఉర్దూ. అజూర్ అనే ఆసామికి చేసిన పని అనీ, 1357 బిల్లు నంబరనీ అనుకుని ఆమె రెండు ఆదివారాలు మండిబజారులో అజూర్ సాహెబ్ వారసుల కోసం తిరిగారు. ఇక మెదక్ చర్చి అద్దాలు తాతగారే చేశారని ఇంట్లో అందరూ చెప్పే మాట. పుస్తకం చిత్తుప్రతి మొదటి పేజీలో అదే రాస్తే తోటి లెక్చరర్ ఒకరు నవ్వారట. ఆ నవ్వు ఉత్తరంలో మూడుసార్లు వచ్చింది.

ఆమె అడిగినవి ఇవి: తాతయ్య కళాకారుడని రుజువు చేసే కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? మామయ్య మీద కేసు వేయాలా? అప్పు చేసైనా ఆ తలుపులు కొనాలా?

*

అమ్మా, పుస్తకం తర్వాత. ముందు ఆ సీసా సంగతి.

మూత తీయకండి, వాసన చూడకండి, ఊపకండి. సంచిలోంచి మీరే తీసే ప్రయత్నం కూడా వద్దు. సంచిని అలాగే, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా నిలబెట్టి ఉంచండి. అద్దం మీద మసక బొమ్మ తేవడానికి ఆ రోజుల్లో వాడిన మందు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. అది గాజును తింటుంది కాబట్టి గాజు సీసాలో నిలవదు. మీ తాతగారు దాన్ని ప్లాస్టిక్‌లో ఉంచడం చూసే నాకు అనుమానం. పలచని ఆమ్లమైతే చర్మానికి తగిలిన వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, ఎముకను పాడుచేస్తుంది, మోతాదు ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. మీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారిని ఇంటికి పిలిచి చూపించండి. దాన్ని వదిలించుకునే పద్ధతి వారికి తెలుస్తుంది. మోరీలో మాత్రం పోయకండి. సీసా మీద చీటీ కనిపిస్తుంటే దూరం నుంచి ఒక ఫోటో తీయండి. అమ్మిన దుకాణం పేరు ఉంటే అదీ ఒక పత్రమే.

ఇక అజూర్ సాహెబ్. ఆయన కోసం మూడో ఆదివారం పాడుచేసుకోకండి. అజూర్ మనిషి కాదు, నెల.

నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లో నడిచేవి. ఏడాదికి మొదటి నెల అజూర్, ఆ తర్వాత దై, బహమన్. అజూర్ మన అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఏడాది ఏ ఇంగ్లీషు సంవత్సరంలో మొదలైందో తెలుస్తుంది. 1357 అంటే 1947. కాబట్టి మీరు బిల్లు నంబరనుకున్నది 1947 అక్టోబరు, నవంబరుల నాటి తేదీ. హాలి అంటే హాలి సిక్కా, నిజాం రూపాయి. సుమారుగా ఏడు హాలి రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు, అంటే బ్రిటిషు వారి రూపాయలకు సమానం. పలకకు 3 చొప్పున 14 పలకలకు 42 హాలి, కల్దారులో 36. ఒక్క వరుసలో తేదీ, పని, ధర మూడూ ఉన్నాయి. మూడేళ్లుగా పత్రాలు లేవని బాధపడుతున్నారు, మొదటి పత్రం మీ బీరువాలోనే ఉంది.

అయితే దానితో ఒక చిక్కు వస్తుంది. మీ తాతగారు పోలీసు చర్య తర్వాత వరంగల్ వచ్చి పని మొదలుపెట్టారని ఆరో పేజీలో రాశారు. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగింది. ఈ లెక్క అంతకు దాదాపు ఏడాది ముందుది. అంటే ఆయన ముందే పనిలో ఉన్నారా? లేక ఈ పుస్తకం ఆయనకు పని నేర్పిన గురువుదా? మొదటిదైతే మీ ఇంటి కథలో ఏడాది తప్పింది, అది పెద్ద విషయం కాదు. రెండోదైతే మీకు ఇంకో మనిషి దొరికాడు, అది చాలా పెద్ద విషయం. తాతగారి చేతిరాత ఉన్న ఉత్తరమో, మీ అమ్మగారి పెళ్లి ఖర్చుల చిట్టానో తెచ్చి పక్కన పెట్టి చూడండి. కింద ఉన్న ఉర్దూ వరుసల్ని, పాత దస్తావేజులు చదవడం అలవాటున్న పెద్ద గుమస్తా ఎవరికైనా చూపించండి. ఆ రోజుల్లో రాజభాష ఉర్దూ కాబట్టి భూమి కాగితాలన్నీ అందులోనే ఉండేవి, వాటిని చదవగలిగేవారు వరంగల్‌లో ఇప్పటికీ దొరుకుతారు. ఒక్క షరతు పెట్టండి: భావం చెప్పడం కాదు, ఒక్కో మాటా చదివి రాయించాలి. చదివేవాడు “ఏదో సామాను లెక్కమ్మా” అని తేల్చేస్తే మీకు కావలసిన ఊరిపేరు అందులోనే పోతుంది.

మెదక్ మాటకు వస్తాను. మీ తోటి లెక్చరర్ నవ్వడం మర్యాద కాదు కానీ, ఆ వాక్యం తీసేయక తప్పదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించిన ఆ చర్చి 1924 క్రిస్మస్ రోజున ప్రార్థనలకు తెరుచుకుంది. మీ తాతగారు పుట్టిన ఏడాదే. అక్కడి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు, ఆరోహణం, జననం, శిలువ, ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. వాటిని వరుసగా 1927, 1947, 1958లలో అమర్చారు. ఇది అందరికీ తెలిసిన చరిత్ర. పుస్తకం మొదటి పేజీలోనే ఆ మాట తప్పని తేలితే, చదివేవాడు గిర్మాజీపేట నెమళ్లను కూడా నమ్మడు.

కానీ ఇంటి మాటల్ని పూర్తిగా పారేయకూడదని గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేశాక నాకు కలిగిన అభిప్రాయం. అబద్ధం ఊరికే పుట్టదు, ఏదో ఒక నిజాన్ని పట్టుకుని లావెక్కుతుంది. మూడో కిటికీ వచ్చిన 1958లో మీ తాతగారికి 34 ఏళ్లు, చేతినిండా పని తెలిసిన వయసు. అమర్చే పనికి వెళ్లారేమో, తర్వాత ఎప్పుడైనా పగిలిన చిన్న అద్దం మార్చారేమో, చూడటానికే వెళ్లి ఇంటికొచ్చి వారం రోజులు దాని గురించే మాట్లాడారేమో. ఊహలుగా ఇవన్నీ సాధ్యమే. తేల్చుకోవాలంటే దారి ఉంది. చర్చి కట్టిన మెథడిస్టు మిషనరీల పాత కాగితాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. అయితే 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక చర్చి ఆ సంఘం మెదక్ అధ్యక్ష మండలం (డయాసిస్) లోకి వచ్చింది. మీకు కావలసింది 1958 కూలి లెక్కలు కాబట్టి లండన్‌కు రాసే ముందు మెదక్‌లో అడగండి. “మా తాతగారు కిటికీలు చేశారు” అని కాకుండా “1958 కిటికీ అమర్చినప్పటి ఖర్చుల పుస్తకం చూడవచ్చా” అని రాయండి. మొదటి ఉత్తరం చూసి ఎవరైనా జాగ్రత్త పడతారు, రెండోది చూస్తే బీరువా తీయబుద్ధి వేస్తుంది. ఏమీ దొరక్కపోతే పుస్తకంలో “మెదక్ అద్దాల గురించి తాతయ్య ఇంట్లో చెప్పేవారు” అని రాసుకోండి. అది నిజమే కదా.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. కళాకారుడని రుజువు చేసే కాగితాలు అన్నారు. మీరు రెండు పనుల్ని ఒకటిగా ముడేసుకున్నారు. ఆయన ఏం చేశారో తెలుసుకోవడం ఒకటి, ఆయనకు ఒక బిరుదు తేవడం ఇంకొకటి. రెండోదాని కోసం వెతుకుతున్నారు కాబట్టే మొదటిది కనిపించడం లేదు. సన్మాన పత్రాలు, పత్రికల్లో వ్యాసాలు, ఎవరో ఇచ్చిన యోగ్యతాపత్రాలు కావాలని మీరు అడిగిన ప్రతిచోటా లేవన్నారు. ఉండవు కూడా. చేర్యాల పటాలు గీసే నకాషీలకు ఒక వంశం ఉంది, ఆ పటాలు పట్టుకుని కథ చెప్పే కులాలున్నాయి. పెంబర్తి ఇత్తడికీ నిర్మల్ బొమ్మలకూ ఊరిపేరే ముద్ర. అద్దం పనికి మన దగ్గర అలాంటి ఊరు లేదు, కులం లేదు, కథ లేదు. ఇల్లు కట్టే మేస్త్రీ బిల్లులో “అద్దాల పని” అని ఒక్క వరుసగా ముగిసిపోయింది. దానికితోడు ఎక్కడైనా బాగున్న అద్దం కనిపిస్తే చాలు, “బెల్జియం అద్దం” అనడం మనవాళ్లకు అలవాటు. మీ తాతగారి పేరును మింగింది ఎక్కువగా ఆ రెండు మాటలే అని నా అనుమానం.

కాబట్టి ఆయన పేరుతో వెతకడం మానండి. ఆయన పనిచేసిన భవనాల పేర్లతో వెతకండి. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారం సర్కారు దస్త్రాలు దాచే చోటు. అక్కడికి వెళ్లి చేతిపనివాడి పేరు అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఫలానా భవనం, ఫలానా సంవత్సరం అని అడిగితే మాట మొదలవుతుంది. ప్రభుత్వ భవనాల్లో ఆయన చేసిన పనులు ఉంటే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో పాత కొలతల పుస్తకాలు, బిల్లులు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గడువు తీరిన దస్త్రాలను తగలబెట్టేశామని జవాబు రావచ్చు. అలా వస్తే ఆ తలుపు మూసుకుందని రాసిపెట్టుకుని ముందుకు నడవండి, అప్పీళ్ల మీద అప్పీళ్లు వేసి ఏడాది పోగొట్టుకోకండి.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది దుకాణాల మీద. నగల దుకాణం తెరిచినా, హోటలు తెరిచినా, టాకీసు తెరిచినా ఆహ్వాన పత్రిక అచ్చు వేయించేవారు, పత్రికలో ప్రకటన ఇచ్చేవారు, ముందు నిలబడి ఫోటో దిగేవారు. హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. మీ ఇంటికి ఎంత దూరమో మీకే తెలుసు, ఉత్తరంలో మాత్రం దాని ప్రస్తావన లేదు. అక్కడ పుస్తకాల జాబితా చూసి వెనక్కి రాకండి. పాత సంచికలు, సావనీర్లు, వార్షికోత్సవ సంచికల చివరి పేజీల్లో ప్రకటనలు చూడండి. హైదరాబాద్ వెళితే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ, సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలోనూ పాత పత్రికలు అడగండి. 1926లో మొదలైన గోలకొండ పత్రిక మీకు పనికొచ్చే కాలానిది. వ్యాసాల్లో ఆయన ఉండరు. ప్రకటనల్లో ఆయన చెక్కిన లక్ష్మీదేవి ఉండవచ్చు.

పెళ్లి ఆల్బమ్‌లు మరవకండి. ఇంట్లో అందమైన తలుపు ఉంటే పెళ్లికూతురిని దాని ముందే నిలబెడతారు. గిర్మాజీపేట, మట్టెవాడ, స్టేషన్ రోడ్డు పాత కుటుంబాల్లో 1950 నుంచి 1980 దాకా జరిగిన పెళ్లిళ్ల ఫోటోలు చూపించమని అడగండి. మనిషిని కాదు, మనిషి వెనుక ఉన్నదాన్ని చూడండి. ఫోటో వెనుక స్టూడియో ముద్ర ఉంటుంది, పెళ్లి తేదీ ఇంట్లోవాళ్లు చెబుతారు. ఆ తలుపు ఆ తేదీకి ముందే ఉందని అప్పుడు ధైర్యంగా రాయవచ్చు.

ఇవన్నీ వచ్చే ఏడాదికైనా ఆగుతాయి. ఆగనివి రెండు: జనగామ పెద్దాయన, గిర్మాజీపేట ఇల్లు. మీరు మాత్రం పదకొండు పేజీల్లో ఏడు పేజీలు పెట్టెకే ఇచ్చారు.

జనగామకు ఈ వారమే వెళ్లండి. మామయ్యకు తెలిస్తే కోపం వస్తుందన్నారు. వస్తుంది. వెళ్లకపోతే ఆ కోపం తగ్గి పెట్టె తెరుస్తారా? అలాంటి సూచన మీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనిపించలేదు. దాచిపెట్టి వెళ్లకండి, మీ అమ్మగారి చేత ముందే ఫోనులో ఒక మాట చెప్పించి వెళ్లండి, అనుమతి అడిగినట్లు మాత్రం కాదు. పాత బాకీ గురించి పెద్దాయన ఎత్తితే వినండి, తీర్పు చెప్పకండి. ఆ బాకీలో కూడా ఏ పనికి ఎంత కూలి అనే వివరం ఉంటుంది.

ఇంకో మాట. “తాతయ్య గురించి చెప్పండి” అని ఫోను ముందుపెట్టి కూర్చుంటే “దేవుడిలాంటి మనిషి” అని కన్నీళ్లు పెట్టుకుని ఆగిపోతారు. ఒకప్పుడు ఒక పాత బైండరు దగ్గర నేను మూడు గంటలు అలాగే కూర్చుని ఏమీ లేకుండా లేచి వచ్చాను. రెండోసారి విరిగిన సూది ఒకటి తీసుకెళితే ఆయన నోరు ఆగలేదు. మీరు ఆ పనిముట్ల సంచి తీసుకెళ్లండి, కెమిస్ట్రీ చెప్పేవారు చూసి సీసా బయటికి తీశాకే. ఒక్కో పనిముట్టూ చేతికిచ్చి దీన్ని ఏమనేవారు, దేనికి వాడేవారు అని అడగండి. మైనం పూసేవారా, తారు పూసేవారా? నమూనా కాగితానికి సూదితో పొడిచి బొగ్గుపొడి అద్దేవారా? రంగుటద్దాలకు సీసం పట్టీలు ఎక్కడ నుంచి వచ్చేవి? రంగును కొలిమిలో కాల్చేవారా, పచ్చిగానే వదిలేవారా? ఆయన వాడే మాటల్ని ఆయన పలికినట్లే రాసుకోండి. పెట్టెలో లక్ష కాగితాలున్నా ఈ మాటలు ఉండవు. వినికిడి తక్కువన్నారు కాబట్టి ప్రశ్నలు పెద్ద అక్షరాలతో అట్టముక్కల మీద రాసుకెళ్లండి.

గిర్మాజీపేట తలుపుల విషయంలో మీ ముందున్న దారులు ఇవి. ఎనిమిది రెక్కలూ కొనడం మొదటిది. మీ జీతం, అప్పు సంగతి మీరే రాశారు. కొన్నాక వాటిని ఎక్కడ పెడతారు? అద్దాన్ని పడుకోబెట్టకూడదు, నిలువుగానే ఉంచాలి, అలాగే తరలించాలి. రెండు గదుల అద్దె ఇంట్లో ఎనిమిది తలుపు రెక్కలు గోడకు ఆనించి ఉంటే ఏడాదిలో నాలుగు మిగులుతాయి. అందుకే అప్పు చేయమని నేను అనలేను. ఒక్క రెక్క కొనడం రెండోది. వ్యాపారి బయానా ఇచ్చాడు కానీ ఎనిమిదిలో ఒకటి తగ్గితే గొడవ చేస్తాడని నేననుకోను. కొంటే అద్దాన్ని చెక్క నుంచి విడదీయించకండి, రెక్క రెక్కగానే తెచ్చుకోండి. ఎండిపోయిన లప్పం తీయబోయి అద్దం పగలగొట్టని మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. మూడోది ఇంటివాళ్లతో మాట్లాడటం. కొత్త ఇంట్లో పూజగదికి ఆ రెక్కలే పెట్టుకోవచ్చని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు. అలా అయితే అద్దాలు ఆ వీధిలోనే ఉంటాయి, మీకు పైసా ఖర్చు లేదు. కాకపోతే బయానా తిరిగి ఇవ్వాల్సిన ఇబ్బంది వాళ్లకు. అడిగి చూడటంలో నష్టం లేదు, బలవంతం చేసే హక్కూ మీకు లేదు.

ఈ మూడింటిలో ఏది జరిగినా, ఏదీ జరగకపోయినా, ఇల్లు నిలబడి ఉండగానే ఫోటోలు తీయాల్సిందే. మసక బొమ్మకు వెనుక నల్లగుడ్డ కట్టి, పక్క నుంచి వెలుతురు పడనివ్వండి, నెమలి ఈకలు ఒక్కొక్కటీ లేస్తాయి. రంగుటద్దానికి వెనుక తెల్ల దుప్పటి కట్టి ఎండ దాని మీద పడేటట్లు చూడండి. ప్రతి ఫోటోలో ఒక స్కేలు పెట్టండి. ముందు తలుపు మొత్తం, తర్వాత గది మొత్తం, ఆ తర్వాతే దగ్గరి నుంచి. దుమ్ముగా ఉందని తడిగుడ్డతో తుడవబోకండి. కాల్చని రంగైతే గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. రెక్కలు ఊడదీసే రోజు దగ్గరుండి, చట్రంలో దాగిన అద్దం అంచులు చూడండి. సంతకం, తేదీ, కొలత, ఏదైనా గీసి ఉంటే అక్కడే ఉంటుంది. వ్యాపారితో కూడా తగవు పెట్టుకోకండి. తాతగారి పేరు, వీధి పేరు, సంవత్సరం రాసిన చీటీ ఒకటి చట్రం వెనుక అంటించుకోమని అడగండి. అది లేకపోతే హైదరాబాద్ చేరేసరికి ఆ నెమళ్లు బెల్జియంలో పుట్టినవి అయిపోతాయి.

ఇప్పుడు పెట్టె.

చట్టం మాట ముందు చెబుతాను, మీ అమ్మగారు కూడా చదువుతారని. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతుళ్లకూ కొడుకులకూ సమాన వాటా. పెట్టె కూడా ఆస్తే. నలుగురిలో మీ అమ్మగారిది నాలుగో వంతు. డ్రాయింగుల మీద కాపీహక్కు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది, మీ తాతగారి విషయంలో 2051 చివరి దాకా. అదీ నలుగురిదే. అంటే అవి మామయ్య ఒక్కరివే కావు, అలాగే మీరొక్కరే అచ్చు వేయలేరు. డబ్బు తీసుకుని ఇతరుల కోసం చేసిన పనుల్లో లెక్క మారవచ్చు, దాన్ని వకీలు దగ్గర తేల్చుకోండి. ఆడపిల్ల తరఫు వాళ్లకు పనేమిటన్న మాటకు జవాబు మాత్రం ఇదే.

ఇక కేసు వేయడమా అంటే, వేయవచ్చు, మీ వాదనకు బలం ఉంది. నెగ్గితే ఏం వస్తుంది? నాలుగో వంతు డ్రాయింగులు. ఒకే తలుపుకు గీసిన చిత్తు మీకు, అసలు నమూనా చిన్న మామయ్యకు పోతే ఆ రెండింటికీ విలువ లేదు. ఈలోగా ఏళ్లు గడుస్తాయి, ఇనుప పెట్టె తుప్పు కాగితాలకెక్కుతుంది, మీ అమ్మగారికి పుట్టింటి గడప ఉండదు. ఆ ధర ఆవిడ కడతారు, మీరు కాదు. కాబట్టి ఆ నిర్ణయం ఆవిడది.

మీ ఉత్తరంలో ఒకటి గమనించాను. మామయ్య పెట్టె చూపించనన్నారు. అందులో ఏముందో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెదలు పట్టి సగం పోయాయేమో. ఎప్పుడో కష్టకాలంలో కొన్ని అమ్మేశారేమో. చెల్లెలి కూతురు వచ్చి, చదువుకున్న మనిషి, లోపల చూసి “ఇలా పాడుచేశారా” అంటుందని భయమేమో. పొగరు అని మీరు రాసింది సిగ్గు కూడా కావచ్చు. ఆయన్ని నేను చూడలేదు కాబట్టి ఇది ఊహే. కానీ ఇది నిజమైతే లాయరు నోటీసు ఆ పెట్టెను ఇంకా గట్టిగా మూస్తుంది.

అందుకని నాకు నచ్చిన దారి ఇది. మీరు వెళ్లకండి, అమ్మగారిని పంపండి. కాగితాలు ఇవ్వమని ఆవిడ అడగరు. “నాన్న గీసినవి ఒకసారి చూడాలని ఉంది అన్నయ్యా, నీ ఇంట్లోనే, నీ ముందే చూస్తాను” అంటారు. చూశాక ఇంకోరోజు ఫోటోలు తీసుకుంటామని అడుగుతారు. ఆయన కూర్చుని ఉండగా, ఆయన చేతులతోనే ఒక్కో కాగితం పెట్టించి తీయండి. పుస్తకంలో “పెద్ద కుమారుడు భద్రపరచిన డ్రాయింగుల నుంచి” అని వేస్తామని చెప్పండి. కాగితాలు కరీంనగర్‌లోనే ఉంటాయి, వాటికి ప్రమాదం తప్పదు, కానీ అందులో ఉన్నది మీ దగ్గరకు వస్తుంది. తర్వాత ఎప్పుడైనా నలుగురూ ఒప్పుకుంటే ఏదైనా గ్రంథాలయానికో మ్యూజియానికో ఇవ్వవచ్చు. అప్పుడు కూడా ఎవరికైనా చూపిస్తారా, విడదీయకుండా ఉంచుతారా అన్నది కాగితం మీద రాయించుకోకుండా ఇవ్వకండి. ఇచ్చిన సంచులు కట్లు విప్పకుండానే బీరువాలో పడి ఉండటం నేను చూశాను.

మామయ్య ఒప్పుకోకపోతే? పెట్టె లేకుండానే పుస్తకం రాయండి. జనగామ మాటలు, ఎనిమిది రెక్కలు, పెళ్లి ఫోటోలు, అజూర్ నెల లెక్క ఉంటే చిన్నదైనా నిలబడే పుస్తకం అవుతుంది. అది చేతికొచ్చాక ఆయనే పెట్టె తెరవవచ్చు, తెరవకపోవచ్చు.

తెరిస్తే మాత్రం కొన్ని జాగ్రత్తలు. చుట్టలుగా ఉన్న పాత ట్రేసింగు కాగితాన్ని ఒక్కసారిగా విప్పకండి, పెళుసెక్కి ఉంటుంది. చిరిగినచోట సెల్లోటేపు వేయకండి. లామినేషన్ అసలు వద్దు. మా నాన్నగారి ఉత్తరాలకు నేనే దగ్గరుండి చేయించాను, పదేళ్లకు పసుపెక్కి, ప్లాస్టిక్ తీయడానికి వీల్లేక, చూసినప్పుడల్లా నా తెలివికి నేనే దండం పెట్టుకుంటున్నాను. కాగితాల వరుస మార్చే ముందు, పెట్టెలో ఏది పైన ఏది కింద ఉందో ఫోటో తీయండి. నేల మీద ఉతికిన దుప్పటి పరవండి. కరీంనగర్ ఎండకు మామయ్య ఎంత అడిగినా సరే, పెట్టె మూత తీసే ముందు ఫ్యాను ఆపేయండి.